పాయింట్లు దాచిపెట్టకు, అమ్మానాన్నలను తీసుకెళ్లు

చి. కార్తీక్‌కు,

నీ మెసేజ్ చూశాను. వచ్చే వేసవికి మీ అమ్మానాన్నలని, అంటే మా అక్కనీ బావగారినీ రప్పిస్తున్నావనీ, హవాయి చూపించాలని ఉందనీ చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఆఫీసు పనిమీద వారం వారం హోటళ్లలో ఉండడం వల్ల హిల్టన్ పాయింట్లు బాగా పోగయ్యాయని, వాటితో ఏం చెయ్యాలో తోచడం లేదని రాశావు. ఇంకో నాలుగు క్రెడిట్ కార్డులు తీసుకోమని రూమ్మేట్ పోరుతున్నాడని కూడా రాశావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఆ పాయింట్లు ఎవరో దయతలచి ఇచ్చినవి కావురా. సోమవారం తెల్లవారుజామున ఫ్లైటెక్కి, గురువారం రాత్రి ఇల్లు చేరుకుంటూ నువ్వు కష్టపడి సంపాదించుకున్నవి. డబ్బుతో సమానమే. తేడా అల్లా, వీటికి వడ్డీ రాదు, విలువ మాత్రం తరిగిపోతూ ఉంటుంది. మూత పెట్టని డబ్బాలో కర్పూరం లాంటివి. నేను కన్సల్టింగ్ చేసిన రోజుల్లో స్టార్‌వుడ్ వాళ్ల పాయింట్లంటే అందరికీ ప్రాణం. 2016లో ఆ కంపెనీని మారియట్ కొనేసింది. 2019లో బోన్‌వాయ్ అనే కొత్త పేరొచ్చింది. 2022లో అయితే ఏ హోటల్‌కి ఎన్ని పాయింట్లో చెప్పే పట్టికనే మారియట్ ఎత్తేసింది. ఇప్పుడు గిరాకీని బట్టి రోజుకో రేటు. హిల్టన్‌ది అంతకు ముందు నుంచే అదే దారి. ‘రిటైరయ్యాక తిరుగుతాం’ అని పాయింట్లు కూడబెట్టిన వాళ్లకి చివరికి ఎన్ని రాత్రులు తగ్గాయో లెక్కేసుకో. పైగా హిల్టన్‌లోనైనా, మారియట్‌లోనైనా, హయత్‌లోనైనా 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే మొత్తం పోతాయి. నీకు ఉద్యోగం మారి ప్రయాణాలు ఆగిపోతే అదే గండం. కాబట్టి వచ్చే వేసవికే ఖర్చుపెట్టు.

ఎవరికోసం ఖర్చుపెట్టాలో నువ్వే తేల్చుకున్నావు, అది నాకు నచ్చింది. అక్క సంగతి మనకు తెలియనిదా! అమెరికాలో కాఫీ తాగినా రూపాయల్లోకి మార్చి చూస్తుంది. రాత్రికి 400 డాలర్ల గది అని చెప్పావనుకో, ముప్పై వేల పైమాటే అని లెక్కగట్టి, ఆ రాత్రి కంటిమీద కునుకు వెయ్యదు. పొద్దున్నే బావగారు ‘ఇంకేదైనా చిన్న హోటల్ చూడరా’ అంటారు. వాళ్ల జీవితమంతా అలాగే గడిచింది. మన ఫీజులు కట్టి, తమకు కావలసినవి మానుకున్నారు. అదే గది పాయింట్లతో తీసుకుంటే మార్చి చూసుకోడానికి రూపాయి ఉండదు. ‘ఆఫీసు పనిమీద తిరిగినందుకు వచ్చిందమ్మా, డబ్బు కట్టలేదు’ అని నిజమే చెప్పొచ్చు. బాల్కనీలో కూర్చుని సముద్రం చూస్తూ అక్క నిశ్చింతగా టీ తాగాలంటే నాకు తెలిసిన మార్గం ఇదొక్కటే.

ఇక లెక్క. ఇది ఒక్కటి వంటబడితే మిగతాదంతా తేలిక. హోటల్ పేజీ తెరిచి ఒకే గదికి, అవే తేదీలకి రెండు ధరలూ చూడు: డాలర్లలో ఎంత, పాయింట్లలో ఎంత. డాలర్ల ధరలో పన్నులు, రిసార్ట్ ఫీజు అన్నీ కలిపి ఆఖరి అంకె తీసుకో. 2025 మే నుంచి తప్పనిసరి ఫీజులను ముందు చూపే ధరలోనే కలపాలని ఇక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. పన్నులు మాత్రం ఇంకా చివర్లోనే చేరుతుంటాయి. ఆ మొత్తాన్ని పాయింట్లతో భాగిస్తే ఒక్కో పాయింటుకి ఎంత పలుకుతుందో తెలుస్తుంది.

ఉదాహరణకి డల్లాస్ ఎయిర్‌పోర్టు పక్కన ఒక గది పన్నులతో సహా 150 డాలర్లు లేదా 40 వేల పాయింట్లు అనుకో. పాయింటుకి అర సెంటు కూడా రాలేదు. అక్కడ డబ్బే కట్టు. ఇప్పుడు హవాయిలో ఒక గది 350 డాలర్లు, రిసార్ట్ ఫీజు 50, ఆపైన పన్ను 18 శాతం చుట్టూ అనుకో. రాత్రికి 470 దాటింది. పాయింట్లలో 80 వేలు అడుగుతున్నాడనుకో. హిల్టన్‌లో పూర్తిగా పాయింట్లతో తీసుకున్న గదికి రిసార్ట్ ఫీజు ఉండదు. పైగా సిల్వర్, ఆపై స్థాయి సభ్యులకి వరుసగా ఐదు రాత్రులు స్టాండర్డ్ గది పాయింట్లతో తీసుకుంటే ఐదో రాత్రి ఉచితం. అంటే 4 లక్షలు కాదు, 3 లక్షల 20 వేలతో సరి. డాలర్లలో అయితే అయిదు రాత్రులకి 2,360 దాకా అయ్యేది. పాయింటుకి ముప్పావు సెంటు దగ్గరికి వచ్చింది. నా లెక్కలో హిల్టన్ పాయింటుకి అర సెంటు దాటితే మంచి బేరమే. ఇది కళ్లకద్దుకుని తీసుకోవాలి. అందుకే నాలుగు రాత్రులని ప్లాన్ వేసుకోకు, ఐదే వెయ్యి.

ఇంకో మెలకువ. వీలైనంత ముందు బుక్ చేసి, ఎప్పటిలోగా రద్దు చేసుకోవచ్చో చదువు. రిసార్టుల్లో ఆ గడువు చాలా ముందే ఉండొచ్చు. గడువులోపు అప్పుడప్పుడూ చూస్తూ ఉండు. పాయింట్ల ధర తగ్గితే కొత్తగా బుక్ చేసి, పాతది రద్దు చెయ్యి. పాయింట్లు వెనక్కి వచ్చేస్తాయి.

కార్డుల విషయంలో నీ రూమ్మేట్ మాట వినకు. కొత్త కార్డు తీసుకుంటే ఇచ్చే బోనస్ పెద్దదే, కాదనను. కొన్ని నెలల ఆఫీసు బసల్లో వచ్చేన్ని పాయింట్లు ఒకే ఒక్కసారి వస్తాయి. కానీ బోనస్ కోసం మూడు నెలల్లో కొన్ని వేల డాలర్లు వాడాలి. ఆ వంకతో అక్కర్లేని వస్తువులు కొన్నవాళ్లని ఎంతమందినో చూశాను. ఇక్కడ కార్డుల వడ్డీ 20 శాతం పైనే. 3 వేల డాలర్లు ఏడాదిపాటు బాకీ మోశావంటే 600 డాలర్లు వడ్డీకే పోతాయి. ఆ డబ్బుతో గది నేరుగా కొనుక్కోవచ్చు. బిల్లు మొత్తం ప్రతినెలా ఖాతాలోంచి దానంతటదే కట్టేలా పెట్టుకోలేకపోతే, ఈ పాయింట్ల జోలికే వెళ్లొద్దు. ఇందులో నేను రాజీ పడను.

అలా కట్టగలనంటే కొత్త కార్డు ఒక్కటి తీసుకో, సరైన సమయం చూసి. అక్కావాళ్ల విమానం టికెట్లు, వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్, నీ కారు ఇన్సూరెన్స్ ఎలాగూ కట్టాల్సినవే. ఆ నెలల్లో కార్డు చేతిలో ఉంటే బోనస్‌కి కావలసిన ఖర్చు దానంతటదే అయిపోతుంది. ఏది అంటావా? ఏడాదికి 95 డాలర్ల ఫీజు ఉన్న చేజ్ సఫైర్ ప్రిఫర్డ్ లాంటిది నయం. ఆ పాయింట్లని ఒకటికి ఒకటి చొప్పున హయత్‌లోకి మార్చుకోవచ్చు. హయత్ పాయింట్ విలువ హిల్టన్ పాయింటుకి మూడింతలు ఉంటుంది. కానీ మార్చితే మళ్లీ వెనక్కి రావు. గది దొరుకుతుందని కళ్లతో చూశాకే మార్చు. ఒక దాని తర్వాత ఒకటి కార్డులు తీసుకుంటూ పోతే చేజ్ వాడు ఇవ్వడు. 24 నెలల్లో ఐదు కార్డులు, అంతకు మించి తీసుకున్నవాళ్లని వాళ్లు తిప్పి పంపేస్తారని ఈ వ్యవహారం తెలిసినవాళ్లందరూ అంటారు. హిల్టన్‌కి ఫీజు లేని అమెక్స్ కార్డు ఒకటుంది. దాంతో సిల్వర్ హోదా వస్తుంది, ఐదో రాత్రి ఉచితానికి అదే చాలు. నీకు ఆఫీసు బసల వల్ల ఆ హోదా ఎలాగూ ఉంటుంది కాబట్టి నీకక్కర్లేదు. మీ చెల్లెలికి చెప్పు.

ఆఫీసు డబ్బుతో వచ్చిన పాయింట్లు నీవేనా అని బావగారు తప్పకుండా అడుగుతారు. చాలా కంపెనీలు ఉద్యోగికే వదిలేస్తాయి. నీ కంపెనీ నియమాలు ఒకసారి చదివి పెట్టుకో. ఇలాంటి పాయింట్ల మీద పన్ను అడగబోమని ఇక్కడి పన్నుల శాఖ 2002లోనే ప్రకటించింది. వాటిని నగదుగా మార్చుకుంటే మాత్రం ఆ వెసులుబాటు లేదు. అయితే పాయింట్ల కోసం క్లయింటు ఖర్చు పెంచకు. పక్కనే చవకైన మంచి హోటల్ ఉండగా ఖరీదైనది ఎంచుకోవడం మన ఇంటా వంటా లేదు. ధర ఒకటే అయినప్పుడు మాత్రం చూసుకోవాలి. హాంప్టన్‌లో డాలరుకి 10 పాయింట్లు ఇస్తే హోమ్‌టూ స్వీట్స్‌లో 5 మాత్రమే ఇస్తారు. రెండూ హిల్టన్‌వే. ట్రావెల్ సైట్లలో బుక్ చేసిన గదికి సాధారణంగా పాయింట్లే రావు. హోటల్ సొంత యాప్‌లోనో, మీ కంపెనీ చెప్పిన చోటో బుక్ చెయ్యి.

హవాయిలో ఎక్కడ అన్నావు. అక్కడున్న హోటళ్లన్నీ చూపించి నిన్ను గందరగోళ పెట్టను. బిగ్ ఐలాండ్‌లో హిల్టన్ వైకొలోవా విలేజ్ చూడు. అక్కడి నుంచి కిలౌయా అగ్నిపర్వతం ఉన్న నేషనల్ పార్కు కారులో రెండు గంటలు. బావగారికి అది చూడాలని ఉంటుంది. ఆ హోటల్ ఆవరణ మాత్రం చాలా పెద్దది. లోపల తిరగడానికే ట్రాము, పడవలు పెట్టారంటే అర్థం చేసుకో. అక్కకి మోకాళ్ల నొప్పులు. కాబట్టి వెళ్లేముందే ఫోన్ చేసి, లాబీకీ లిఫ్టుకీ దగ్గరగా, రెండు క్వీన్ మంచాలున్న గది కావాలని అడుగు. పాయింట్ల గది అనగానే ఒకే పెద్ద మంచం ఉన్నది అంటగట్టే అవకాశం ఉంది. బుక్ చేసేటప్పుడే మంచాలు చూసుకో. టిఫిన్ సంగతి కూడా చెబుతాను. హిల్టన్ గోల్డ్ అయితే అమెరికాలో ఉచిత టిఫిన్ బదులు రోజూ కొంత తిండి సొమ్ము ఇద్దరికే ఇస్తారు. రిసార్టు ధరలకి అది ఏ మూలకీ రాదు. నేరుగా కాస్ట్‌కోకి వెళ్లి పాలు, పెరుగు, పళ్లు తెచ్చుకోండి. గదిలో కెటిల్ లేకపోతే అడగండి. అక్క అటుకులూ కారప్పొడీ ఎలాగూ తెస్తుంది. పార్కింగ్‌కి విడిగా తీసుకుంటారు, అది లెక్కలో వేసుకో.

ఇంకో రెండు రోజులు సెలవు దొరికితే కవాయి ద్వీపం వెళ్లండి. అక్కడ ఇరైవన్ అనే శివాలయం ఉంది. తెల్ల గ్రానైట్‌ని బెంగళూరు దగ్గర శిల్పులు చేత్తో చెక్కి పంపితే, సముద్రం దాటించి అక్కడ పేర్చారు. 2023 మార్చిలో కుంభాభిషేకం జరిగింది. ముందే సమయం తీసుకుని వెళ్లాలి. పోయిపు తీరాన గ్రాండ్ హయత్ ఉంది. చేజ్ పాయింట్లు పనికొచ్చేది అక్కడే. హయత్ కూడా పాయింట్ల బసకి రిసార్ట్ ఫీజు తీసుకోదు. ఈ విషయంలో మారియట్ అలా కాదు, పాయింట్లతో ఉన్నా రిసార్ట్ ఫీజు కట్టించుకుంటుంది.

నయాగరా కూడా అన్నావు. కిటికీలోంచి జలపాతం కనిపించే పెద్ద హోటళ్లు చాలావరకు కెనడా ఒడ్డున ఉన్నాయి. అమెరికా విజిటర్ వీసా ఉందని అక్కావాళ్లు అటు దాటడానికి లేదు, కెనడా వీసా విడిగా కావాలి. హెచ్1బి మీద ఉన్న నీకూ అంతే. అది చూసుకోకుండా పాయింట్లతో అటు గది బుక్ చేసేవు! అమెరికా వైపే ఉండి, బోటెక్కి రండి.

ఒకటి మర్చిపోయాను. వచ్చే ఏడాది బావగారి షష్టిపూర్తి హైదరాబాద్‌లో చేద్దామనుకుంటున్నారట. అప్పుడు కూడా ఇదే లెక్క వెయ్యి, కానీ ఫలితం వేరుగా రావచ్చు. మన దగ్గర గది అద్దె 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ ఉన్నా, ముహూర్తాలు లేని రోజుల్లో మంచి హోటల్ కూడా ఇక్కడి ధరలతో పోలిస్తే చవకే. అలాంటప్పుడు డబ్బు కట్టి పాయింట్లు మిగుల్చుకో. దుర్గం చెరువు దగ్గర ఐటీసీ కోహినూర్‌లో మారియట్ పాయింట్లు చెల్లుతాయి. బంజారాహిల్స్‌లో పార్క్ హయత్ ఉంది. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక్క రాత్రైనా ఉంచాలని నీ మనసులో ఉందని మీ చెల్లి చెప్పింది. అది తాజ్ వాళ్ల చేతిలో ఉంది, నీ అమెరికా హోటల్ పాయింట్లు అక్కడ పనికిరావు. వాళ్లది న్యూకాయిన్ల పద్ధతి, ఒక కాయిన్ ఒక రూపాయి. దానికి ఇప్పటినుంచే వేరుగా పొదుపు చెయ్యి. మీ బాబాయి, నేను కూడా ఓ చెయ్యి వేస్తాం.

నా ఖాతాలో కొన్ని హిల్టన్ పాయింట్లు మిగిలి ఉన్నాయి. నేను ఇప్పుడు ప్రయాణాలు తగ్గించేశాను, అవి అక్కడ ఊరికే పడి ఉన్నాయి. హిల్టన్‌లో ఒకరి పాయింట్లు ఇంకొకరికి పైసా ఖర్చు లేకుండా పూలింగ్ అనే పద్ధతిలో పంపొచ్చు. అక్కావాళ్లతో అయిదు రాత్రులకి నీకు ఎన్ని తక్కువపడుతున్నాయో చూసి, నీ హిల్టన్ ఆనర్స్ ఖాతా నంబరు నాకు పంపు. తేదీలు ఖాయం కాగానే చెప్పు, నేను కూడా నా యాప్‌లో వెతుకుతూ ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పిన్ని