వంశవృక్షానికి ఆధారాలు

“మీ ముత్తాతగారి పేరేమిటి?” అని అడిగితే కళాశాల విద్యార్థులలో చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. తాతగారి పేరు వరకు సందేహం ఉండదు. ఆపై తరం పెద్దల నోట విన్నదే గాని తాము చూచినది కాదు. ఇక ముత్తాత భార్య పేరు అడిగితే ఇంటి పెద్దలు కూడ తడుముకొంటారు. వంశవృక్షం వ్రాయబూనినవారికి మొదటి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. పది పేర్లు పోగుచేయడం ఒక పూట పని. ప్రతి పేరు పక్కన ‘ఇది మనకెట్లు తెలిసినది?’ అన్న ప్రశ్నకు సమాధానం వ్రాయడం మాత్రం ఏండ్లు పట్టే పని.

మన కుటుంబ చరిత్రలకు మౌఖిక సంప్రదాయమే తొలి ఆధారం. తద్దినం పెట్టే ఇండ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో సహా ఏటేటా ఉచ్చరింపబడతాయి. ఒక తరం గతించి కొత్త పేరు చేరగానే పై పేరు జారిపోతుంది. వంశరాజులని పిలువబడే పిచ్చుకుంట్లవారు తమను పోషించే కులాలవారి గోత్రాలను, పూర్వుల కథలను పాడుతూ ఊరూరా తిరిగేవారు. కాగితం మీద లేనంత మాత్రాన ఇవి ఆధారాలు కాకపోవు. అయితే విన్నదానిని విన్నదానిగానే నమోదు చేయాలి. చెప్పినవారెవరు? అప్పటికి వారి వయస్సెంత? కళ్లారా చూచి చెప్పారా, తమ పెద్దల వలన విన్నారా? ఏ తేదీన చెప్పారు? ‘మా నాయనమ్మ చెప్పినది’ అన్న ఒక్క మాట తరువాతి తరానికి చాలదు. ఆ నాయనమ్మ ఎవరో వారికి తెలియదు గదా!

ఈ శ్రద్ధ మనకు కొత్తది కాదు. కాలిన్ మెకంజీ (1754–1821) కొరకు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య మొదలైనవారు గ్రామాల చరిత్రలు సేకరించారు. అవే కైఫీయతులు. గ్రామ కరణాల వద్ద తరతరాలుగా ఉన్న దండకవిలెలు వాటిలో పలు వృత్తాంతాలకు మూలం. మూలమేదో తెలిసినప్పుడే ఆ వృత్తాంతాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో చరిత్రకారుడు తూచగలడు.

లిఖిత ఆధారాలలో భూమి దస్తావేజులు, రిజిస్ట్రేషన్ కార్యాలయంలోని నకళ్లు, బడిలో చేరినప్పటి రికార్డు, జనన మరణ రిజిస్టర్లు ముఖ్యమైనవి. వీటిని చదివేటప్పుడు కాలగణన తెలిసి ఉండాలి. రెవెన్యూ పత్రాలలో కనిపించే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలయ్యే క్రీస్తుశకం వస్తుంది. పూర్వపు మద్రాసు రాజధానిలో ఫసలీ 1310 అంటే 1900 జులై నుండి 1901 జూన్ వరకు. నిజాం రాజ్యపు ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది. కనుక పత్రం ఏ ప్రాంతానిదో గుర్తించకుండ తేదీ నిర్ణయించరాదు.

జాతకచక్రాలతో మరింత జాగ్రత్త అవసరం. పాత పెట్టెలో ఒక జాతకం దొరికినదనుకొందాం. అందులో పేరు రామయ్య, జననం ప్లవ నామ సంవత్సరం. ప్లవ 1901లో వచ్చినది, 1961లోను వచ్చినది. తాత పేరు మనుమనికి పెట్టుకొనడం మన ఆచారం. కాబట్టి ఆ రామయ్య తాతయా, మనుమడా? తండ్రి పేరు కొంత సాయపడవచ్చును గాని, ఒక సుబ్బయ్య, ఒక రామయ్య, మళ్లీ ఒక సుబ్బయ్యగా సాగే వంశంలో ఇద్దరు రామయ్యలకూ తండ్రి సుబ్బయ్యయే! గురు, శని గ్రహాలు అరువది ఏండ్లకు దాదాపు పూర్వస్థానానికి చేరుతాయి గనుక వాటినిబట్టి కూడ తేల్చలేము. రాహుకేతువులు మాత్రం దాదాపు మూడు రాశుల దూరం జరిగి ఉంటాయి. తిథితో పాటు వారం వ్రాసి ఉంటే అదీ సాక్ష్యమే. ఇంత పరిశీలన చేసినవాడు ‘జననం 1901’ అని మాత్రమే వ్రాసి ఊరకుంటే శ్రమ అంతా వృథా. ఏ కారణంచేత 1901 అని నిశ్చయించాడో కూడ వ్రాయాలి.

దత్తతలు, ఇల్లరికాలు మరొక చిక్కు. దత్తపుత్రునికి ఇంటిపేరు, గోత్రం మారుతాయి. దత్తత పత్రం చూడనివాడు అతనిని ఔరసునిగానే లెక్కిస్తాడు. స్త్రీల విషయంలో జరిగే లోపం ఇంతకంటె పెద్దది. వివాహంతో ఇంటిపేరు మారడమే గాక, చాల వంశవృక్షాలలో ఆడపడుచుల పేర్లు అసలే కనబడవు. 2005లో హిందూ వారసత్వ చట్టానికి జరిగిన సవరణ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును దేశమంతటా కల్పించినది. కుమార్తెల పేర్లు విడిచిన పట్టికను నేడు పొరపాటు అని సరిపెట్టుకోలేము.

సముద్రాలు దాటిపోయిన తెలుగువారి సంతతికి ఆధారాల విలువ బాగుగా తెలుసు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి కూలీలతో దర్బన్ చేరినది. ఇట్టి ఓడల జాబితాలలో ప్రతి మనిషికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలు వ్రాసేవారు. మారిషస్‌లోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరచిన వలస రికార్డులలో కొందరి ఛాయాచిత్రాలు కూడ ఉన్నాయి. 2024 మార్చిలో మారిషస్‌లోని భారత సంతతి ఏడవ తరం వారికి కూడ ఓసీఐ కార్డు పొందే అవకాశాన్ని భారత ప్రభుత్వం ప్రకటించినది. ఏడు తరాల క్రిందటి పూర్వుని గురించి కుటుంబానికి మిగిలినది తరచు ఆ రిజిస్టరులోని ఒక్క పంక్తియే.

ఆ పంక్తి చదవడం సులభం కాదు. తెలుగు పేరును ఆంగ్ల గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసికొన్నాడు. జిల్లా గంజాం అని ఉంటే నేటి ఒడిశాలో మాత్రమే వెదకరాదు. నేటి శ్రీకాకుళం ప్రాంతం 1936 వరకు ఆ జిల్లాలోనిదే. కనుక రిజిస్టరులోని అక్షరాలను ఉన్నవి ఉన్నట్లుగా ఎత్తి వ్రాసి, అది ఫలానా ఊరు కావచ్చునన్న మన ఊహను వేరే పంక్తిలో, ఊహ అని తెలుపుతూ వ్రాయాలి. రెండు ఆధారాలు పరస్పరం విరోధిస్తే నచ్చినదానిని ఉంచి రెండవదానిని కొట్టివేయరాదు. మనకంటె బాగా చదువగలవారు రేపు ఆ పుట తెరచినప్పుడు, మనం కొట్టివేసినదే సరియైనది కావచ్చు.