జపాన్ పాత గడియారం కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

టోక్యో నుంచి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఆ ఇత్తడి గడియారం మీద నీ మనసు పడటంలో వింతేమీ లేదు. అయితే కొన్నాక దాన్ని మన గంటల్లోకి మార్చకు, ఎవరిచేతా మార్పించకు.

1873 జనవరి 1న మన గంటల లెక్కకు మారేదాకా జపాన్‌లో పగలు ఆరు భాగాలు, రాత్రి ఆరు భాగాలు; ఒక్కో భాగం వాళ్లకు ఒక గంట. ఎండాకాలంలో పగటి భాగం ఒక్కోటి దాదాపు 2 గంటల 40 నిమిషాలు సాగేది, చలికాలంలో 1 గంట 50 నిమిషాలకు తగ్గేది. అమ్మమ్మ రాహుకాలం చూసేది గుర్తుందా? పగటిని ఎనిమిది భాగాలు చేస్తే వచ్చే ఆ ఒక భాగం కూడా పొద్దుతోపాటే పెరిగి తరిగేది. 16వ శతాబ్దంలో యూరప్ మిషనరీలు తెచ్చిన గడియారాలకు ఇదంతా తెలియదు. జపాన్ పనివాళ్లు తమ పొద్దుకు తగ్గట్టు యంత్రాన్నే వంచారు. నాకు వాళ్లంటే అంత గౌరవం అందుకే.

నీ ఫొటోలో పైన అటూ ఇటూ ఊగే అడ్డకమ్మీలు రెండున్నాయి చూడు. ఒకటి పగటికి, ఒకటి రాత్రికి. కమ్మీ అంచున సన్నటి గాట్లు, వాటిలో వేలాడే చిన్న బరువులు. బరువును చివరికి జరిపితే కమ్మీ నిదానంగా ఊగుతుంది, గంట సాగుతుంది. లోపలికి జరిపితే గంట కురచవుతుంది. సుమారు పదిహేను రోజులకోసారి ఇంటివాళ్లు వీటిని సర్దేవాళ్లు. తెల్లవారగానే, మళ్లీ చీకటి పడగానే గంటలు కొట్టే భాగమే ఒక కమ్మీని ఆపి రెండోదాన్ని పనిలోకి దింపేది. కాబట్టి రాత్రి ఒక తీరు, పగలు ఒక తీరు నడిస్తే పాడైందనుకోకు.

కొనే ముందు గాట్లు అరిగాయా, బరువులు నాలుగూ ఉన్నాయా చూసుకో. ఇత్తడిని మెరిపించాలని తోమకు, చెక్కిన పూలు అరిగిపోతాయి. గంటల అంకెలు తొమ్మిది నుంచి నాలుగుకు దిగుతూ ఉంటాయి, కంగారుపడకు.

ఈలోగా ఉయెనోలోని జాతీయ ప్రకృతి విజ్ఞాన మ్యూజియానికి ఒక ఆదివారం వెళ్లు. తనాకా హిసాషిగే 1851లో పూర్తిచేసిన ఆరు ముఖాల గడియారం అక్కడుంది. అందులో గంటల పలకలు ఏడాది పొడవునా వాటంతటవే దగ్గరకీ దూరానికీ జరిగేలా చేశాడాయన. అది చూశాకే బేరానికి కూర్చో. కమ్మీల గాట్లు కనబడేలా దగ్గర నుంచి ఇంకో ఫొటో తీసి పంపు.

ఇట్లు,
మామయ్య