చెరిపిన జెండా

మారథాను పరుగు పొడవు 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1936 ఆగస్టు 9వ తేదీన బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో సోన్ కీచుంగ్ అను యువకుడు ఆ దూరమును 2 గంటల 29 నిమిషముల 19 సెకండ్లలో ముగించి ప్రథముడుగా వచ్చెను. అంతవరకు ఒలింపిక్ మారథానును రెండున్నర గంటలలోపల ముగించినవారు లేరు.

అతడు కొరియా దేశీయుడు. కొరియా 1910 మొదలు జపాను పాలనలో నుండుటచే అతడు జపాను జెండా గుర్తు గల చొక్కా తొడిగి, సోన్ కిటేయ్ అను జపాను ఉచ్చారణతో పేరు నమోదు చేయించుకొని పరుగెత్తవలసివచ్చెను. బహుమాన సమయమున జపాను జాతీయగీతము మ్రోగుచుండగా అతడు తల వంచుకొని, విజేతకిచ్చిన ఓక్ మొక్కను రొమ్మునకు హత్తుకొని ఆ గుర్తును కప్పుకొనెను. మూడవవాడుగా వచ్చిన నామ్ సుంగ్‌యోంగ్ కూడ కొరియావాడే. పాపము, అతనికి కప్పుకొనుటకు మొక్కయైనను లేదు.

జపాను పత్రికలు దీనిని తమ దేశపు విజయముగా చాటినవి. ఇతర దేశముల పత్రికలు పెక్కు అధికారుల పట్టికలోని పేరునే అచ్చువేసి ఊరకున్నవి. సియోలు నగరమున కొరియా భాషలో వెలువడు డాంగా ఇల్బో అను దినపత్రిక ఆగస్టు 25వ తేదీన అతని చిత్రమును ప్రకటించెను. అందు చొక్కామీది జెండా లేదు! పత్రికవారు దానిని చెరిపివేసిరి. పాలకులు సహింపలేదు. పలువురు ఉద్యోగులను నిర్బంధించి, పత్రికను సుమారు తొమ్మిది నెలలు ఆపివేసిరి.

చిత్రమును మార్చి చూపుట పత్రికాధర్మము కాదని కొందరందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. తమ దేశాభిమానమునకు అనుకూలముగా చిత్రములను దిద్దుటకు ప్రతి పత్రికయు పూనుకొన్నచో పాఠకుడు దేనిని నమ్మగలడు? అయినను జెండాతో కూడిన చిత్రము చదువరికి పూర్తి నిజమును చెప్పినదా యని కూడ అడుగవలెను. పరుగెత్తినవాడు ఏ జాతివాడో, ఏ గతిలేక ఆ చొక్కా తొడిగెనో దానివలన తెలియదు. దిద్దకుండ అచ్చువేసిన చిత్రమునకును పక్షపాతము ఉండవచ్చును. స్వదేశీయుడు ఓడినచో దురదృష్టమనియు, పరదేశీయుడు ఓడినచో చేతగానితనమనియు వ్రాయు విలేకరులు నేటికిని అన్ని దేశములందును కలరు. వారు సాధారణముగా ఏ చిత్రమును చెరుపరు.

కొరియాకు 1945లో జపాను పాలననుండి విముక్తి కలిగెను. 1988లో సియోలు ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవమున, 75 ఏండ్లు దాటిన సోన్ జ్యోతిని చేతబట్టి చిన్నపిల్లవానివలె గంతులు వేయుచు క్రీడారంగమున ప్రవేశించెను. 2002లో అతడు మరణించెను. ఒలింపిక్ విజేతల పట్టికలో 1936 నాటి ఆ స్వర్ణపతకము ఇప్పటికిని జపాను పేరనే ఉన్నది.