పిట్టగోడయు ప్రార్థన మందిరమును

పఠనము: ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 6:47-49



క్రొత్త మందిరమును గూర్చి మా సంఘపెద్దలు కూడినప్పుడు, గంట గోపురము ఎంత ఎత్తు కట్టవలెనను మాటయే ముందుగా వచ్చినది. అప్పుడు వెనుక కూర్చున్న ఒక ముసలమ్మ, “గోపురం అంతెత్తు కడతన్నారు, బానే ఉందయ్యగారూ. ఉప్పెనొచ్చిన రాత్రి మేం ఎక్కేదెక్కడ?” అని అడిగెను. ఎవరమును బదులు చెప్పలేకపోతిమి.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చినది. వేలమంది చనిపోయిరి. ఎత్తయిన గట్టి కట్టడము దగ్గరలో లేని పల్లెలవారికి ఎక్కుటకు చోటు లేకపోయెను.

ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నదో చూడుడి. ఇశ్రాయేలు దేశమున ఇండ్ల కప్పులు చదునైనవి. జనులు వాటిమీద తిరుగుచుండెడివారు. రాహాబు వేగులవారిని దాచినదియు కప్పు మీదనే (యెహోషువ 2:6). కావున ఇల్లు కట్టువాడు కప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెను. లేనియెడల పడినవాని రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చును. అపాయము ఎరిగియు ఏర్పాటు చేయకుండుట దోషమే. సొంత యింటికే ఈ ఆజ్ఞ యుండగా, దేవుని మందిరమునకు లేదందుమా?

మన తీరమున ఆ పిట్టగోడ యేది?

1. ఆరాధన గది స్తంభముల మీద, వచ్చిన ఉప్పెన మట్టముకంటె ఎత్తున ఉండవలెను. నీరు క్రిందుగా పోవును.

2. పునాది లోతుగా ఉండవలెను. మనకు బండ లేదు, ఇసుకయే. పారు నీరు ఇసుకను కోసివేయును. ప్రభువు చెప్పిన బుద్ధిమంతుడు లోతుగా త్రవ్వెను గదా! ఎంత లోతో ఇంజనీరు చెప్పవలెను.

3. కాంక్రీటులో సముద్రపు ఇసుక కలుపరాదు. ఉప్పు లోపలి ఇనుమును తినివేయును.

4. వృద్ధులును గర్భిణులును ఎక్కగల వెడల్పయిన మెట్లు కావలెను. పైన త్రాగునీటి తొట్టియు మరుగుదొడ్డియు ఉండవలెను.

5. తాళపుచెవి దగ్గరి రెండు మూడు ఇండ్లలో ఉండవలెను. ఆ రాత్రి ఏ కులమువారు, ఏ మతమువారు వచ్చినను తలుపు తీయవలెను. తెరువని తలుపు గలిగిన మందిరము పిట్టగోడ లేని యిల్లే.

మేము గోపురమును మానుకొని ఆ సొమ్ము మెట్లకు కేటాయించితిమి. గంటను మేడమీదనే కట్టెదము. ఆదివారము ఆరాధనకు పిలుచు గంటయే తుపాను హెచ్చరిక వచ్చిన దినమున ఊరినంతటిని పిలుచును.

ఆలోచించుడి: మీ మందిరపు మెట్లు మీ ఊరిలోని మిక్కిలి బలహీనురాలు ఎక్కగలదా? ఈ రాత్రి తాళపుచెవి ఎవరియొద్ద నున్నది?