శుక్రవారం రిహార్సల్‌కి వెళ్లనా?



నేను తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా చర్చి క్వయర్‌లో బాస్ గిటార్ వాయించే అబ్బాయి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. గిటార్ మూలన పడి ఉంటే పాస్టరు గారిని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. కాలేజీ రోజుల నుంచీ ఇళయరాజా పాట ఏది విన్నా, అడుగున నడిచే బాస్ మీదికే నా చెవి పోయేది. అది నా చేతుల్తో వాయించాలని ఎప్పటి కోరికో.

ఊళ్లోనే ఒక కుర్రాడి దగ్గర పాఠాలు చెప్పించుకుంటున్నాను. ఇంట్లో రోజూ కూర్చుంటున్నాను. కానీ ‘గీతాంజలి’ సినిమా పాటలు ఫోన్‌లో పెట్టుకుని పట్టుకుందామంటే బాస్ సరిగ్గా వినపడదు, వినపడిందీ వేలికి అందదు. ఎడమ చెయ్యి మణికట్టు లాగేస్తోంది. మా వారు “ఒక పాట వాయించు, విందాం” అంటారు. నేను వాయిస్తే అది పాటలా ఉండదు, ధుం ధుం అంటుంది, అంతే. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి “ఈ వయసులో నొప్పులు కొనితెచ్చుకోవడం ఎందుకమ్మా, కీబోర్డు నేర్చుకో” అంటోంది. క్వయర్ పిల్లలేమో శుక్రవారం రిహార్సల్‌కి రమ్మంటున్నారు. బాగా వచ్చాక వస్తానని తప్పించుకుంటున్నాను. అసలు నాకు వస్తుందంటారా?

– ఒక పాఠకురాలు

అమ్మా,

ఈ శుక్రవారమే వెళ్లండి. బాగా వచ్చాక వెళ్దామనుకుంటే ఆ శుక్రవారం రాదు. ఎందుకంటే బాస్ బాగా వచ్చేది అక్కడే.

మీ వారు అడిగింది సబబే, మీరు వాయించిందీ సబబే. వీణ మీద, కీబోర్డు మీద ఒక్కరే కూర్చుని పాట పలికించవచ్చు. బాస్ పని అది కాదు. పక్కన ఒకరు పాడుతుంటే, ఇంకొకరు డ్రమ్స్ వాయిస్తుంటే, ఆ రెండింటినీ కలిపి పట్టుకోవడం దాని పని. ఆ ఇద్దరూ లేని గదిలో ధుం ధుం అని కాక ఇంకెలా వినిపిస్తుంది? వయసు మళ్లాక మొదలుపెట్టి మానేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. వేళ్లు వంగక మానేసినవాళ్లు తక్కువ. తలుపు వేసుకుని ఒంటరిగా సాధన చేసి చేసి, ఇది సంగీతంలా లేదే అని మనసు విరిగి మానేసినవాళ్లే ఎక్కువ. మీకు అలా జరగకూడదని నా తాపత్రయం.

రిహార్సల్‌లో ఏం వాయించాలంటారా? జి, సి, డి కార్డ్స్‌తో నడిచే పాట ఒకటి పెట్టమనండి. మీ గిటార్ మీద అన్నిటికంటే లావు తీగ మూడో ఫ్రెట్‌లో జి ఉంది. దాని పక్క తీగ మూడో ఫ్రెట్‌లో సి, అదే తీగ ఐదో ఫ్రెట్‌లో డి. చూపుడు వేలు మూడు దగ్గర, చిటికెన వేలు ఐదు దగ్గర పెట్టుకుంటే చెయ్యి జరపకుండానే మూడు స్వరాలూ అందుతాయి. డ్రమ్స్ వాయించే అబ్బాయి పక్కన నిలబడి అతని కుడి పాదం చూడండి. కార్డ్ మారిన చోట ఆ పాదం పడిన క్షణానికే మీ స్వరం పడాలి. ఆవర్తనానికి ఒక్కసారి వాయించినా చాలు. స్వరం ఎంతసేపు మోగాలో, ఎక్కడ చేత్తో ఆపాలో కూడా చూసుకోండి. ఆపడం తెలియకపోతే పాటంతా బురద అయిపోతుంది. జీవితమంతా లెక్కలు చెప్పిన మీకు నాలుగు లెక్కపెట్టడంలో తప్పు రాదు కదా! ఆ లెక్క తప్పని మనిషి కోసమే క్వయర్ ఎదురుచూస్తోంది.

ఇళయరాజా గారి బాస్‌కు విడిగా ఒక బాణీ ఉంటుంది. పాట ఒక దారిన పోతుంటే అది తన దారిన పోయి వచ్చి కలుస్తుంది. మొదటి పాఠంగా అది పెట్టుకుంటే ఎవరికైనా కష్టమే. వినడం మాత్రం మానొద్దు, కాకపోతే ఫోన్ స్పీకర్‌లో వినకండి. మీ లావు తీగ ఊరికే మీటితే సెకనుకు దాదాపు 41 కంపనాలు వస్తాయి. అంత మంద్రాన్ని ఆ చిన్న స్పీకర్ పలికించలేదు. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఇన్నాళ్లూ వినపడనిది వినపడుతుంది.

కుడిచేతికి రెండు వేళ్లూ మారుస్తూ మీటడం రావడం లేదని బెంగ ఉంటే అది వదిలేయండి. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డుల కంపెనీ పాటలకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ ఒక్క చూపుడు వేలితోనే మీటేవాడు. ఆయన తర్వాత వచ్చిన బాసిస్టులు ఆయన్ని గురువులా చూస్తారు.

ఇక నొప్పి. వేలి కొసలు మండటం మామూలే, చర్మం గట్టిపడితే పోతుంది. మణికట్టు లాగడం వేరు, దాన్ని ఓర్చుకోకండి. మామూలు బాస్ మీద తీగ పొడవు 34 అంగుళాలు ఉంటుంది. మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కే ఐదు అంగుళాల పైచిలుకు దూరం. అక్కడ వేలికొక ఫ్రెట్ చొప్పున చాచమని చెబుతుంటే, మీ మాస్టారితో చెప్పి ఉంగరపు వేలునూ చిటికెన వేలునూ జతగా వాడండి. పెద్ద బాస్ వయొలిన్ వాయించేవాళ్ల పద్ధతి అదే. గిటార్ ఒళ్లో పెట్టుకుని మెడ భాగాన్ని కాస్త పైకెత్తితే మణికట్టు వంగదు. పొద్దున్నే వేలు మడతలో బిగుసుకుపోవడం, తిమ్మిరి ఎక్కడం ఉంటే మాత్రం గిటార్ పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించండి. మీ అమ్మాయి భయంలో ఆ మాత్రం నిజం ఉంది. షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మూలన పడి ఉన్న గిటార్ అన్నారు కాబట్టి తీగలు ఫ్రెట్‌ల మీద మరీ ఎత్తుగా లేచి ఉన్నాయేమో మీ మాస్టారికి చూపించండి. అలా ఉంటే కుర్రాళ్ల చేతులకైనా నొప్పే. రిపేరు చేసేవాళ్లు కాసేపట్లో దించేస్తారు. ఎప్పటికైనా సొంతానికి కొనుక్కుంటే 30 అంగుళాల పొట్టి బాస్ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఇప్పుడున్నది చర్చి గిటార్, దాని తీగలు సరిచేయించే ముందు పాస్టరు గారికి ఒక మాట చెప్పండి.