పానా పట్టే ముందు: తాతగారి అంబాసిడర్‌ని ఇంట్లో బాగుచేసుకునే ఉద్యోగులకి

ఉత్సాహం కొద్దీ మొదటి ఆదివారమే బానెట్, సీట్లు, తలుపులు, ఇంజిన్ అన్నీ విప్పేస్తారు. ఆరు నెలలు గడిచేసరికి ఏ బోల్టు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ఏడాది దాటాక ఆ కారు పాతఇనుము తూకానికి పోతుంది. ఉద్యోగం చేస్తూ ఈ పనికి దిగేవాళ్లు పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: ఒకసారికి ఒక భాగమే విప్పండి, అది బిగించి పరీక్షించాకే రెండో దాని జోలికి వెళ్లండి.

ఒక లెక్క చూద్దాం. మీది రాజమండ్రిలో ఉద్యోగం. పాలకొల్లు దగ్గర సొంత ఊళ్లో, పశువుల కొట్టంలో 1978 మార్క్ 3 అంబాసిడర్ ఉందనుకోండి. నెలకి నాలుగు ఆదివారాలు, రోజుకి ఆరు గంటలు వేసుకుంటే 24 గంటలు. పెళ్లిళ్లు, ఆఫీసులో క్లోజింగ్, రానూపోనూ ప్రయాణం పోగా చేతికొచ్చేది 12 గంటలు. పని మొత్తం 400 గంటలు అనుకుంటే 33 నెలలు పడుతుంది. కాబట్టి వచ్చే సంక్రాంతికి ఈ కారులోనే తిరుగుదామని ఇంట్లో మాటివ్వకండి. ఆ మాట నిలబెట్టుకోవాలన్న ఒత్తిడిలోనే బ్రేకుల పని సగంలో వదిలేసి పెయింటు వేయిస్తారు.

కాగితాలు

ఆర్సీ తాతగారి పేరునే ఉంటే ముందు వారసత్వ బదిలీకి ఫారం 31 పెట్టాలి. మిగతా వారసులకి అభ్యంతరం లేదని ఇప్పుడే రాయించుకోండి. బండి తయారై విలువ పెరిగాక అడిగితే అది తగాదాగా మారుతుంది. ఆర్సీలో ఉన్న చాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చూడండి. పెట్రోలు అంబాసిడర్లలో డీజిల్ ఇంజిన్ ఎక్కించడం ఒకప్పుడు మామూలు విషయం. ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే ఆర్టీఓ ఆఫీసులో తనిఖీ దగ్గరే ఆగిపోతారు.

సొంత కారుకి మొదటి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజుని 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ వేరు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బళ్లకే వర్తిస్తాయి. మన 1978 కారు 2028 దాకా ఆగాలి. వింటేజ్‌గా నమోదైన బండిని ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకి తప్ప రోజువారీ పనులకి నడపకూడదు, అద్దెకి తిప్పకూడదు. పెళ్లిళ్లకి అద్దెకిచ్చి ఖర్చు రాబట్టాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

తుప్పు

అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు విడి చాసిస్ ఫ్రేమ్ ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ కుళ్లితే బండి నడుం విరిగినట్టే. మన డెల్టాలో ఉండే తేమ, తీరం వైపు ఉప్పుగాలి వాటిని లోపలినుంచి తింటాయి. 1986లో గానీ 2022లో గానీ గోదావరి వరద ఆ కొట్టంలోకి వచ్చిందేమో ఇరుగుపొరుగుని అడగండి. వచ్చి ఉంటే సిల్స్ లోపల ఒండ్రు చేరి ఉంటుంది. గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోని చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టండి.

రేకు మార్చేటప్పుడు తలుపులు బిగించే ఉంచండి. రెండు వైపుల సిల్స్ ఒకేసారి కోస్తే బాడీ కుంగుతుంది, ఆ తర్వాత తలుపు పడదు. ఒక వైపు కోసి, వెల్డింగ్ పూర్తయి, తలుపు సరిగ్గా పడుతోందని చూసుకున్నాకే రెండో వైపు.

బ్రేకులు, ఇంజిన్, పెట్రోలు

ఇంజిన్ స్టార్ట్ చేయాలన్న ఆత్రం ఎంత ఉన్నా బ్రేకులే ముందు. ఆ కాలం డ్రమ్ బ్రేకుల బళ్లలో చాలావాటికి ఒకే హైడ్రాలిక్ సర్క్యూట్ ఉంటుంది. ఒక్క వీల్ సిలిండర్ కారితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. హోసులు, కిట్లు, బ్రేకు ఆయిల్ అన్నీ కొత్తవి వేయండి. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి డ్రమ్ములోని దుమ్ముని ఎయిర్ కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

ఏళ్లుగా ఆగిన ఇంజిన్‌ని తోసి స్టార్ట్ చేయాలని చూడకండి. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో ఆయిల్ పోసి, వారం ఆగి, హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. పట్టేసి ఉంటే లేత్ షాపు మేస్త్రిని పిలవండి, బలం పెట్టకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే, ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు పాత రబ్బరుని పాడుచేస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ సీళ్లు ఇథనాల్‌కి తట్టుకునేవి వేయండి. తిప్పని బండి ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు ఉంచకండి.

అంబాసిడర్లు తయారైన ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఇప్పుడు సామాను కోసం విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్‌లలో వెతకాలి. ఇంగ్లండు వాళ్ల ఎంజీఏ స్పోర్ట్స్ కారులో పెట్టిందీ ఇదే 1489 సీసీ బి-సిరీస్ ఇంజినే. అందుకని కొన్ని ఇంజిన్ భాగాలు అక్కడి వ్యాపారుల దగ్గరా దొరుకుతాయి, కాకపోతే కొలతలు చూసుకోకుండా డబ్బు కట్టకండి. కొత్తది సరిగ్గా కూర్చునేదాకా పాతది పారేయకండి.

పెయింటు చివర్న

ఒకసారి నేను తొందరపడి ఆగస్టులో పెయింటు వేయించాను. దసరాకి బుడగలు లేచాయి. పుట్టీ, ప్రైమర్ తేమని పీలుస్తాయి, దాని మీద రంగు ఎంత ఖరీదైనదైనా నిలవదు. సంక్రాంతి దాటాక, ఉదయపు మంచు విడిచిన తర్వాత మొదలుపెట్టండి. టూకే పీయూ పెయింటులో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకి ప్రమాదం. మామూలు మాస్కు వాటిని ఆపదు. ఆ పని బూత్ ఉన్న షెడ్డుకే ఇవ్వండి.

ప్రాణం మీదికి తెచ్చే పనులు ఇంకో రెండు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి. పెట్రోలు ట్యాంకు ఖాళీ అయినా లోపల ఆవిరి ఉంటుంది, ఇంట్లో వెల్డింగ్ చేయకండి.

బయట మేస్త్రికి పని ఇస్తే మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. ఒక్కో భాగం పని పూర్తయి, మీరు చూసుకున్నాకే ఆ భాగానికి డబ్బు. విప్పిన ప్రతి భాగానికీ ఫొటో తీసి, సంచిలో వేసి చీటీ రాయండి. అనుకున్న బడ్జెట్‌లో మూడో వంతు విడిగా ఉంచండి. సిల్స్ కోశాక బయటపడే తుప్పుకి అది సరిపోతుంది.

మొదటి ట్రయల్ కాలవ గట్టు మీద వద్దు. బ్రేకు పట్టకపోతే పక్కనే నీళ్లు. రైసుమిల్లు ఆవరణ లాంటి చదునైన చోట పది నిమిషాలు తిప్పి ఆపి, ఏ డ్రమ్ము ఎక్కువ వేడెక్కిందో, కింద ఏం కారుతోందో చూడండి. రోడ్డెక్కేది బీమా కట్టాకే.

ఈ ఆదివారం మాత్రం పానా ఇంట్లోనే వదిలేయండి. ఆర్సీ, టార్చి, అయస్కాంతం, స్క్రూడ్రైవర్, నోటుపుస్తకం తీసుకుని కొట్టానికి వెళ్లండి. సాయంత్రానికి పుస్తకంలో పడిన జాబితా చూసి, దానికి మీ ఆదివారాలూ మీ జీతమూ సరిపోతాయనిపిస్తే, పై ఆదివారం ఒక్క చక్రం విప్పండి.