తేనెను నిలువచేయు విధము

విద్యార్థులారా! తెలుగున తేనె యనియు, తమిళమున తేన్ అనియు, కన్నడమున జేను అనియు పిలువబడు ఈ పదార్థమును, మూడు భాషలును వినవచ్చు మన హోసూరు ప్రాంతమున ఎరుగనివారు లేరు. అయినను దానిని ఎట్లు నిలువచేయవలెనో, అది ఎంతకాలము చెడకుండునో, ఎవరికి పెట్టరాదో చక్కగా తెలిసినవారు తక్కువ. తెలియక మేము చేసిన యొక తప్పును ముందుగా చెప్పుదుము.

ఉపాధ్యాయ శిక్షణకై మేము పొరుగు రాష్ట్రమున చిత్తూరులో ఉన్న దినములలో, కొండప్రక్క పల్లెనుండి వచ్చు ఒక వృద్ధునివద్ద తేనె కొని, సెలవులకు ఇంటికి తెచ్చితిమి. అచ్చట తేటగా నుండిన తేనె ఇచ్చటి పుష్యమాసపు చలికి అడుగున పేరి, పంచదారవలె గరగరలాడినది. “పాకము కలిపి అమ్మినాడు” అని ఇంటిల్లిపాదియు నిశ్చయించి దానిని పారబోసితిమి. మరల కనబడినప్పుడు ఆ వృద్ధుని పదిమందిలో నిందించితిమి. “చలికి పేరుకొన్నది నాయనా, వేడినీళ్ళలో పెట్టియుంటే కరిగేది” అని ఆయన చెప్పినను వినలేదు. ఆయన మాటయే నిజమని చాలకాలమునకు గాని తెలియలేదు.

తేనె నిలువయుండుటకు కారణమేమి? పూలనుండి ఈగ తెచ్చు మకరందములో నీరే అధికము. ఈగలు దానిని పట్టులోని గదులలో నింపి, రెక్కలతో విసరి, నీటిని ఆవిరిచేయును. పక్వమైన పిమ్మట గదిని మైనముతో మూయును. అట్టి తేనెలో నూటికి సుమారు 80 పాళ్ళు చక్కెరలును, 17 లేక 18 పాళ్ళు మాత్రమే నీరును ఉండును. అందు సూక్ష్మజీవి పడినచో, దాని శరీరములోని నీటినే చక్కెర లాగివేయును. ఊరగాయలో ఉప్పు చేయు పనిని ఇచ్చట చక్కెర చేయుచున్నదన్నమాట. తేనెకు సహజమైన ఆమ్లగుణమును దీనికి తోడ్పడును.

కావున తేనెకు మొదటి శత్రువు నీరు. నీటిపాలు నూటికి 20 మించినచో, అందలి మధుశిలీంధ్రములు చక్కెరను పులియజేయును. నురుగు, పుల్లనివాసన, మూత తీయగనే బుస్సుమని గాలి వెడలుట దీని గురుతులు. మైనపుమూత పడకముందే పిండిన తేనెకు ఈ భయము ఎక్కువ. పట్టును పిండి తెచ్చిన అడవితేనెలో సాధారణముగా నీరు హెచ్చు గనుక దానిని త్వరగా వాడుకొనుట మేలు.

ఇంట పాటింపవలసినవి ఇవి:

1. కడిగి, ఎండలో బాగుగ ఆరబెట్టిన గాజుసీసాలోగాని, పింగాణి జాడీలోగాని పోయవలెను. ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలు తగవు. తేనెలోని ఆమ్లము లోహమును తినును.

2. మూత బిగువుగా నుండవలెను. తేనె గాలిలోని తేమను పీల్చుకొనును. వానకాలమున ఇది మరింత హెచ్చు.

3. తడిచెంచాను, ఎంగిలిచెంచాను ముంచరాదు.

4. పొయ్యిదగ్గరను, ఎండతగులు కిటికీలోను ఉంచరాదు. వేడికి రంగు నల్లబడి, సువాసన తగ్గును. శీతలపేటిక అవసరము లేదు. అందుంచిన చెడదుగాని చిక్కబడి వాడుకకు కష్టమగును.

ఇట్లు కాపాడిన పక్వమైన తేనె ఏండ్లతరబడి తినుటకు పనికివచ్చును. అయితే కాలము గడచినకొలది దాని రంగు ముదురును, పరిమళము తగ్గును. గనుక ఒకటి రెండేండ్లలో వాడుకొనుట మంచిది.

ఇక పేరుకొనుటనుగూర్చి. తేనెలోని ముఖ్యమైన చక్కెరలు ఫ్రక్టోజు, గ్లూకోజు అని రెండు. వీనిలో గ్లూకోజు నీట తక్కువగా కరుగును గనుక చలికి స్ఫటికములై విడివడును. 14 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపున ఇది మిక్కిలి వేగముగా జరుగును. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నది; చిత్తూరు చాల దిగువన నున్నది. తేటతేనె ఇచ్చట ఏల పేరినదో ఇప్పుడు మీకే బోధపడును. పేరుకొన్నంతమాత్రమున తేనె కల్తీ కాదు, చెడినదియు కాదు. సీసాను 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచిన మరల కరగును. నేరుగా పొయ్యిపై కాచరాదు. నీటిలో చుక్కవేయుట, వత్తి ముంచి వెలిగించుట వంటి పరీక్షలును నమ్మదగినవి కావు. కల్తీని నిర్ణయించునది ప్రయోగశాలయే.

కడపట అన్నిటికంటె ముఖ్యమైన మాట. పురిటింట శిశువు నాలుకపై తేనె నాకించు ఆచారము మనలో కలదు. అవ్వలు దీనిని ప్రేమతోనే చేయుదురు. కాని తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినం అను సూక్ష్మజీవి బీజములు ఒక్కొక్కప్పుడు ఉండును. పెద్దల కడుపులో ఇవి పెరుగజాలవు. పసికందు ప్రేవులలో మొలకెత్తి విషమును పుట్టించును. మలబద్ధము, ఏడుపు సన్నగిల్లుట, పాలు చీకలేకపోవుట, మెడ నిలువక శరీరము వడలుట దాని లక్షణములు. ఊపిరికే అపాయము కలుగవచ్చును. ఈ వ్యాధిని వైద్యులు 1976లో గుర్తించిరి. తేనెను వెచ్చచేసినను, కాచినను ఈ బీజములు చావవు. కావున ఏడాది నిండని బిడ్డకు చుక్కయైనను పెట్టరాదు. మీ ఇంటనో, పొరుగింటనో పసిబిడ్డ యున్నచో ఈ మాటను పెద్దలకు వినయముగా చదివి వినిపింపుడు.

తెలియమి వలన మేము ఒక నిజాయితీపరుని నొప్పించితిమి. ఆ తేనెను మరల కొనవచ్చును. ఆ మాటను మరల తీసికొనలేము. మీరు తెలిసికొని మెలగుదురుగాక.